పావు ధరకు వస్తున్న వీ8 సెడాన్: కొనాలా వద్దా అని తేల్చిన ఒక కేసు

సెకండ్ హ్యాండ్ లగ్జరీ కార్లు కొనేవాళ్ల తరఫున బండి పరీక్షించి సలహా చెప్పడం నా వృత్తి. ఎక్కువగా హైదరాబాద్ చుట్టుపక్కలే పని. ఈ కేసులో బండి ఎంత బాగుంది అన్నది చివరికి రెండో ప్రశ్నగా మిగిలింది. మొదటి ప్రశ్న ఏమిటో తేలడానికి చాలా దూరం నడవాల్సి వచ్చింది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇదే చోట చిక్కుకుంటారు కాబట్టి పూర్తిగా రాస్తున్నాను.

కొన్నవారిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. కారు కంపెనీ, మోడల్ కూడా చెప్పడం లేదు. అలాంటి బండ్లు మన రెండు రాష్ట్రాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి, పేరు చెబితే ఎవరిదో తెలిసిపోతుంది.

నేపథ్యం

నన్ను సంప్రదించినవారు గోదావరి జిల్లాల్లో ఒక పట్టణంలో సొంత క్లినిక్ నడిపే డాక్టర్ గారు. వయసు నలభై దాటింది. ఇంట్లో డీజిల్ ఎస్‌యూవీ ఉంది, ఊరి ప్రయాణాలన్నీ దాంట్లోనే. చదువుకునే రోజుల నుంచి ఆయనకు పెద్ద ఇంజిన్ ఉన్న జర్మన్ సెడాన్ మీద మనసు. కొత్తది కొనే స్థోమత లేదని ఆయనకు తెలుసు. అన్నీ కలిపి 50 లక్షలు పక్కన పెట్టుకున్నారు.

ఆయన కంట పడిన బండి 2016లో ఢిల్లీలో రిజిస్టరైంది. ట్విన్ టర్బో వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్, స్ప్రింగుల బదులు గాలి నింపిన స్ట్రట్ల మీద నిలబడే ఎయిర్ సస్పెన్షన్. మీటర్ మీద 23,800 కిలోమీటర్లు. కొత్తప్పుడు ఇన్‌వాయిస్ ధర కోటి అరవై లక్షల పైన. హైదరాబాద్ డీలర్ అడుగుతున్నది 42 లక్షలు. అదే మోడల్ తెలంగాణ రిజిస్ట్రేషన్‌తో ఉన్నది దీనికంటే ఐదారు లక్షలు ఎక్కువ పలుకుతోంది.

ఢిల్లీ బండ్లు ఎందుకు చవక అన్నది తెలిసిన విషయమే. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు అక్కడ తిరగకూడదన్న నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ (ఎన్జీటీ) ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. అప్పటి నుంచి వయసు మీరుతున్న బండ్లు దక్షిణాదికి రావడం పెరిగింది. అంతమాత్రాన ఢిల్లీ బండి అంటే చెడ్డ బండి అని కాదు. ధర తక్కువ ఉండటానికి ఒక న్యాయమైన కారణం ఉందని మాత్రమే అర్థం. ఆ ఒక్క కారణమే ఉందా, వెనక ఇంకోటి ఉందా అన్నది తేల్చాలి.

ఆయన అడిగినది, నేను విన్నది

"బండి మంచిదో కాదో చెప్పండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు డాక్టర్ గారు. మొదటిసారి మాట్లాడినప్పుడు ఆయన భార్య కూడా ఫోన్ లైన్‌లో ఉన్నారు. ఆమె ఒకటే అడిగారు: "దారిలో ఆగిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలండీ?"

నా నోట్స్‌లో ఆమె ప్రశ్ననే పైన రాసుకున్నాను. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్ల ఊరికి దగ్గరలో లేదు. ఫ్లాట్‌బెడ్ మీద హైదరాబాద్‌కు పంపాలంటే ఒక పూట ప్రయాణం. పైగా ఆయన రోజువారీ వాడకం ఇంటి నుంచి క్లినిక్‌కు, క్లినిక్ నుంచి ఇంటికి, అంతా కలిపి పది కిలోమీటర్లు కూడా కాదు. అప్పుడప్పుడు నేషనల్ హైవే 16 మీద విజయవాడకో విశాఖకో వెళ్తారు. పెద్ద టర్బో ఇంజిన్‌లో కూలెంట్ త్వరగానే వేడెక్కుతుంది కానీ ఆయిల్ పూర్తి వేడికి రావడానికి పావుగంట పట్టొచ్చు. ఐదు కిలోమీటర్ల ప్రయాణంలో ఆయిల్ వేడెక్కకముందే ఇంజిన్ ఆగిపోతుంది. రోజూ ఇలాగే జరిగితే ఆయిల్‌లో తేమ, పెట్రోల్ పేరుకుంటాయి. ఇది అప్పుడే ఆయనకు చెప్పాను. "ఆదివారాలు హైవే మీదకు తీసుకెళ్తాను" అన్నారు. సరే అని బండి చూడటానికి బయలుదేరాను.

మొదటి పరీక్ష: అంతా బాగానే కనిపించింది

డీలర్ దగ్గర ఒక ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఉంది, అన్ని గడుల్లోనూ టిక్కులే. నా వైపు నుంచి మామూలు పరీక్షలు చేశాను. పెయింట్ మందం మీటర్‌తో చూస్తే ఒక్క ముందు ఫెండర్ మీద 260 మైక్రాన్లు, మిగతా అంతటా 110 నుంచి 140. అంటే ఆ ఫెండర్‌కు మళ్లీ పెయింట్ వేశారు, కానీ పుట్టీ పెట్టలేదు. చిన్న గీత పడి ఉంటుంది. సీట్ బెల్టులు పూర్తిగా బయటికి లాగి చూశాను, మట్టి మరక లేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో బండ్లు మునిగిన తర్వాత ఈ పరీక్ష లేకుండా ఏ బండినీ వదలడం లేదు. బండి ఢిల్లీదైనా సరే, మధ్యలో ఎక్కడెక్కడ ఆగి వచ్చిందో ఎవరు చూశారు.

బండి కంప్యూటర్లలో నమోదైన లోపాలు చదివే మామూలు ఓబీడీ స్కానర్ పెడితే ఒక్క ఫాల్ట్ కూడా లేదు. నాకు ఇది సంతోషం కలిగించలేదు. తొమ్మిదేళ్ల బండిలో, ఇన్ని కంప్యూటర్లు ఉన్న బండిలో, బ్యాటరీ వోల్టేజ్ తగ్గినప్పుడు పడే పాత కోడ్ ఒకటైనా మిగిలి ఉండాలి. ఏమీ లేదంటే ఎవరో ఈ మధ్యే అన్నీ చెరిపేశారని. చెరపడం నేరం కాదు, అమ్మే ముందు చాలామంది చేస్తారు. కానీ ఆ రోజు స్కాన్ రిపోర్టును ఆధారంగా తీసుకోవడానికి వీల్లేదు.

ఇంకొకటి, మేం వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంది. ఇంజిన్ వేడి మీద స్టార్ట్ చేస్తే చాలా రోగాలు దాక్కుంటాయి. "బండి రాత్రంతా కదలకుండా ఉంచండి, రేపు పొద్దున నేను వచ్చాకే తాళం తిప్పాలి" అని డీలర్‌ను అడిగాను. కాసేపు నసిగి ఒప్పుకున్నాడు.

రెండో పరీక్ష: గంటల లెక్క

పొద్దున వెళ్లేసరికి ముందు కుడివైపు బండి కిందికి దిగి ఉంది. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిస్తే ఎడమవైపు కంటే మూడు సెంటీమీటర్లు తక్కువ. ఎయిర్ స్ట్రట్‌లో ఎక్కడో గాలి కారుతోంది. స్టార్ట్ చేయగానే లేచి సరిగ్గా నిలబడింది. ముందు రోజు అందుకే తెలియలేదు.

స్టార్టప్‌లో పొగ రాలేదు. పది నిమిషాలు ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ మాత్రం నడుస్తూ) ఉంచి యాక్సిలరేటర్ తొక్కితే వెనక నీలం పొగ ఒక తెర వచ్చి పోయింది. ఎక్కువసేపు ఐడిల్ తర్వాత అలా వచ్చిందంటే ముందు సిలిండర్లలోకి ఆయిల్ దిగకుండా ఆపే వాల్వ్ స్టెమ్ సీల్స్‌ను, ఆ తర్వాత టర్బో సీల్స్‌ను అనుమానిస్తాను.

తర్వాత కంపెనీ స్థాయి డయాగ్నస్టిక్ టూల్ పెట్టించాను. ఈ కంపెనీ ఇంజిన్ కంప్యూటర్ కిలోమీటర్లతోపాటు ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో కూడా రాసుకుంటుంది. అక్కడ 2,060 గంటలు కనిపించాయి. 23,800 కిలోమీటర్లను 2,060తో భాగిస్తే సగటు వేగం గంటకు పదకొండున్నర కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో నలిగే బండికి కూడా సగటు ఇరవై, పాతిక దగ్గర వస్తుంది.

డాక్టర్ గారు వెంటనే "అయితే మీటర్ తిప్పేశారన్నమాట" అన్నారు. నేను అంత తొందరపడలేదు. దీనికి రెండు కథలు సరిపోతాయి. ఒకటి, నిజంగానే మీటర్ వెనక్కి తిప్పారు. రెండోది, యజమాని ఆఫీసులో ఉంటే డ్రైవర్ ఏసీ కోసం ఇంజిన్ ఆపకుండా బయట గంటలకొద్దీ కూర్చున్నాడు. ఢిల్లీ ఎండల్లో డ్రైవర్ ఉన్న బండికి రెండోది బాగా కుదురుతుంది. గేర్‌బాక్స్, ఏబీఎస్ మాడ్యూళ్లలో ఉన్న రీడింగులు మీటర్‌తో కలిశాయి కాబట్టి నాకూ రెండో కథ వైపే మొగ్గు.

కానీ మా నిర్ణయానికి ఏ కథ నిజమన్నది పెద్ద తేడా తేలేదు. ఇంజిన్ అరిగింది గంటల లెక్కన. గంటకు పాతిక కిలోమీటర్ల చొప్పున వేస్తే 2,060 గంటలంటే యాభై వేల కిలోమీటర్ల పైన నడిచినట్టు. ఆ బండికి ఆయిల్ మార్చింది మాత్రం మీటర్ మీద అంకె చూసి. సర్వీస్ కాగితాల్లో ఒకచోట మూడేళ్ల ఖాళీ ఉంది, ఆ మధ్య పెద్దగా తిరగలేదన్నది డీలర్ సమాధానం. తిరగలేదు, కానీ నడిచింది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్‌కు గంటలకొద్దీ ఐడిల్ మంచిది కాదు. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి వెళ్తుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల వెనక కడిగేది ఏదీ ఉండదు, మసి గట్టిపడుతుంది. బోరోస్కోప్ (ఇంజిన్ లోపలికి దూర్చే సన్నని కెమెరా) పెట్టి చూస్తే వాల్వుల మీద మందంగా కనిపించింది. ఒక సిలిండర్ గోడ మీద సన్నగా రెండు నిలువు గీతలు కూడా ఉన్నాయి. వాటిని బట్టి ఇంజిన్ పోయిందని చెప్పను, కానీ ఉన్నాయని రిపోర్టులో రాశాను.

ఇక్కడ ఒక మాట. ఈ తరగతి ఇంజిన్లలో చాలావాటికి అందరికీ తెలిసిన బలహీనత ఒకటి ఉంటుంది. మెర్సిడెస్ 6.2 లీటర్ ఎం156 తొలి ఇంజిన్లకు హెడ్ బోల్టులు, బీఎండబ్ల్యూ పాత ఎం3 లోని వీ8కు కనెక్టింగ్ రాడ్ బేరింగులు, 2008కి ముందు పోర్షే 911లలో చాలావాటికి ఐఎంఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగ్. బండి చూడటానికి వెళ్లే ముందే ఆ మోడల్‌కు ఏది బలహీనతో తెలుసుకుని, ఆ పని జరిగిందా, బిల్లు ఉందా అని అడగాలి. ఈ బండికి ఆ పని జరిగిన బిల్లు లేదు.

ధర తగ్గించి చూద్దామన్న ప్రయత్నం

డాక్టర్ గారి ఆశ అప్పటికీ బండి మీదే ఉంది. "లోపాలు దొరికాయి కదా, బేరం ఆడండి" అన్నారు. ఆడాను. డీలర్ 37 లక్షలకు దిగాడు. వారంటీ ఏమైనా ఇస్తాడా అంటే ఇవ్వలేదు. బయట అమ్మే ఎక్స్‌టెండెడ్ వారంటీకి బండి వయసు దాటిపోయింది. ఐదు లక్షలు తగ్గేసరికి ఆయన అడ్వాన్స్ కట్టడానికి సిద్ధమయ్యారు.

నేను ఆగమన్నది ఇక్కడే. కాగితం మీద ఇద్దరం కలిసి లెక్క వేశాం. 42 లక్షలకు కొన్నా, ఢిల్లీ బండిని ఆంధ్రాలో పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే కొత్త నంబర్ తీసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెప్పేది అదే. ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ పన్ను మనం కొన్న ధర మీద వెయ్యరు. కొత్తప్పటి ఖరీదు మీద, వయసును బట్టి తగ్గే శాతంతో వేస్తారు. ఏజెంట్ అంచనా పది లక్షల దగ్గర వచ్చింది.  ముందు ఎయిర్ స్ట్రట్లు రెండూ కలిపి 4 లక్షలు. ముందు టైర్ల మీద 1417 అని ఉంది, అంటే 2017లో 14వ వారంలో తయారైనవి. నాలుగూ మార్చాలంటే లక్షా ఎనభై వేలు. ఆయిళ్లు, ఫ్లూయిడ్లు, ఫిల్టర్లు లక్షా ఇరవై. వాల్వుల మసి తీయించడం అరవై వేలు. మొత్తం 60 లక్షలకు దగ్గర పడింది. వాల్వ్ సీల్స్ ఇందులో వెయ్యలేదు. 37కే కొన్నా 55.

ఆ తర్వాత ఏడాది ఖర్చు. ఇన్సూరెన్స్ లక్షా డెబ్బై ఐదు వేలు. ఇందులో థర్డ్ పార్టీ భాగం చాలా చిన్నది, 1500 సీసీ దాటిన ప్రైవేట్ కార్లకు 2022లో పెట్టిన రేటు ₹7,897, అది వీ8కైనా మామూలు కారుకైనా ఒకటే. బరువంతా ఓన్ డ్యామేజ్‌లో, అంటే మన బండికి జరిగే నష్టాన్ని భరించే భాగంలో ఉంది. ఈ వయసు బండికి జీరో డిప్రిసియేషన్, అంటే విడిభాగాల పాతదనానికి కోత పెట్టని కవర్, దొరకడం కష్టం. అది లేకపోతే క్లెయిమ్‌లో ప్లాస్టిక్, రబ్బర్ భాగాలకు సగం, ఐదు నుంచి పదేళ్ల బండి లోహపు భాగాలకు 40 శాతం మనమే పెట్టుకోవాలి. ఒక బంపర్, ఒక హెడ్‌ల్యాంప్ పగిలితే ఏమవుతుందో ఆయనకు వేరే చెప్పక్కర్లేకపోయింది. సర్వీస్ లక్షా పాతిక. టైర్లు రెండేళ్లకోసారి అనుకుంటే ఏడాదికి తొంభై వేలు. లీటరుకు ఐదు కిలోమీటర్ల లెక్కన ఎనిమిది వేల కిలోమీటర్లకు, 95 ఆక్టేన్ పెట్రోల్‌కు లక్షా ఎనభై ఐదు. రిపేర్ల కోసం 4 లక్షలు. నెలకు ఎనభై వేల పైన.

ధర ఐదు లక్షలు తగ్గితే ఈ రెండో లెక్కలో ఒక్క రూపాయి కూడా మారదు. కొన్న ధర పావుకు పడిపోయింది, కానీ స్ట్రట్, టైరు, పన్ను, హెడ్‌ల్యాంప్ అన్నీ ఇంకా కోటి అరవై లక్షల బండి ధరలోనే ఉన్నాయి.

దారి చూపింది ఏమిటంటే

వద్దని చెబితే ఆయన వినే స్థితిలో లేరు, ఇరవై ఏళ్ల కోరిక అది. అందుకని ఒక పని చెయ్యమన్నాను. ఈ బండి వదిలేసి, కొన్నట్టే అనుకుని నెలనెలా ఎనభై వేలు వేరే ఖాతాలో వెయ్యండి. ఆరు నెలలు కష్టం లేకుండా వెయ్యగలిగితే ఇలాంటిదే మంచి వీ8 ఒకటి నేనే వెతికి పెడతాను. ఆ డబ్బు ఎటూ పోదు, రిపేర్ల నిధిగా మీ దగ్గరే ఉంటుంది.

ఈలోగా ఆ బండిని ఎవరో కొనేశారు. డాక్టర్ గారు బాధపడ్డారు, ఆ బాధ నాతోనే చెప్పారు. నేను వెనక్కి తగ్గలేదు. మంచి షెడ్ దగ్గరలో ఉండి, రెండో బండి ఉండి, ఇంజిన్ పనికి పది లక్షలు పెట్టగలిగేవాళ్లకు అది చెడ్డ బండి కాదు. ఈయనకు ఆ మూడింటిలో రెండో బండి ఒక్కటే ఉంది.

మొదటి మూడు నెలలు డబ్బు సాఫీగానే పడింది. నాలుగో నెలలో క్లినిక్‌లో ఒక మెషీన్ పాడైంది, ఖాతాలో వెయ్యడం ఆగింది. ఆయనే ఫోన్ చేసి, "ఆ బండి ఇప్పుడు నా దగ్గర ఉంటే మెషీన్ ఆపేవాణ్నో బండి ఆపేవాణ్నో తెలియదు. కొంచెం చిన్నది చూడండి" అన్నారు. అంతవరకూ నేను చూపిన లెక్కలు వేరొకరి లెక్కలుగా ఉన్నాయి, ఆ రోజుతో ఆయనవయ్యాయి. ఇలాంటి నిర్ణయాల్లో స్ప్రెడ్‌షీట్ కంటే ఈ ఖాతా పద్ధతినే నమ్ముతాను. బండిని ఇన్‌స్పెక్షన్‌లో పరీక్షించవచ్చు, కొనేవారి జేబును పరీక్షించడానికి నాకు తెలిసిన దారి ఇదొక్కటే.

వెతుకుతుంటే హైదరాబాద్‌లోనే ఒకే యజమాని వాడిన ఆరు సిలిండర్ల, 3 లీటర్ టర్బో సెడాన్ దొరికింది. 58,000 కిలోమీటర్లు. డాక్టర్ గారు అంకె చూసి ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఇంజిన్ గంటలు చూపించాను: 1,950. అంటే 23,800 కిలోమీటర్ల వీ8 కంటే ఈ ఇంజిన్ తక్కువ సేపే నడిచింది. సగటు గంటకు ముప్పై కిలోమీటర్ల దగ్గర, రోజూ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసుకు వెళ్లే బండికి సరిగ్గా కుదిరే అంకె. ఏడాదికోసారి ఆయిల్ మార్చిన బిల్లులు వరుసగా ఉన్నాయి. ఇన్సూరెన్స్ కాగితంలో నో క్లెయిమ్ బోనస్ 50 శాతం, అంటే ఐదేళ్లుగా క్లెయిమ్ లేదు. ఈ బోనస్ బండిది కాదు, యజమానిది. ఇంకో బండి నుంచి తెచ్చి పెట్టుకున్నదీ కావచ్చు. ఇక్కడ మొదటి నుంచీ ఒకే యజమాని, ఒకే బండి కాబట్టి ఆ అంకెను నమ్మగలిగాను.

లోపాలు దీనికీ ఉన్నాయి. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్ దగ్గర లీకేజీ, ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు అరిగాయి, వెనక టైర్లు చివరికొచ్చాయి. లక్షా నలభై వేల పని. బేరంలో 33 నుంచి 31.5 లక్షలకు వచ్చింది. తెలంగాణ నుంచి ఆంధ్రాకు మార్చుకోవడానికి పన్ను నాలుగున్నర లక్షలు. మొత్తం 37.4 లక్షలు. మిగిలినదాంట్లో 10 లక్షలు బండి పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశారు.

డాక్టర్ గారి భార్య మొదట అడిగిన ప్రశ్నకు సమాధానం కూడా కొనే ముందే రాసి ఇచ్చాను: రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబర్, విజయవాడ, విశాఖలలో ఈ ఇంజిన్ తెలిసిన ఒక్కో షెడ్, ఫ్లాట్‌బెడ్ నడిపే మనిషి నంబర్. ఆ కాగితం గ్లవ్ బాక్స్‌లో ఉంది.

ఏడాది తర్వాత

మొదటి ఏడాదిలో రిపేర్లకు 2.3 లక్షలు అయ్యాయి. అందులో పెద్దది వాటర్ పంప్. విశాఖ వెళ్తుండగా టెంపరేచర్ హెచ్చరిక వస్తే డాక్టర్ గారు వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ కట్టేశారు. ఫ్లాట్‌బెడ్‌కు ఫోన్ చేసింది ఆయన భార్యే. ఇంజిన్‌కు ఏమీ కాలేదు. క్లినిక్‌కు రోజూ ఎస్‌యూవీలోనే వెళ్తున్నారు, సెడాన్‌ను వారానికి ఒకసారైనా నలభై, యాభై కిలోమీటర్లు హైవే మీద నడుపుతున్నారు. ఆయిల్ మాత్రం మీటర్‌తో పని లేకుండా ప్రతి పది నెలలకూ మార్పిస్తున్నాం.

ఇక మిగిలింది గేర్‌బాక్స్ ఆయిల్. దాన్ని ఎప్పటికీ మార్చక్కర్లేదని కార్ల కంపెనీ రాసింది కానీ, ఆ గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. మేం 80,000కే మార్చాలని నిర్ణయించాం, దానికి డబ్బు ఆ డిపాజిట్‌లోంచే తీస్తారు.